వంటవాడు తినని ఎపిసోడు

మల్కాపురం,
జూన్ 18

అమ్మా అలేఖ్యా,

నాను తవిటయ్య మావయ్యని. ఉత్తరం సూసి బెదిరిపోకు, ఇక్కడందరం బాగానే ఉన్నాం. మీ నాన్న గవర్రాజు బావ పోయిన మూడేళ్ళలో నీకు రాసిన మొదటి ఉత్తరం ఇదే. నాది ఏడో తరగతి సదువు. తప్పులుంటే టీచరమ్మవి కదా, ఎర్ర పెన్నుతో దిద్దుకో.

నీతో ఓ పని పడింది. నవ్వకు. సిన్నప్పుడు మీ అన్న ఉమాశంకరూ నువ్వూ కంప్యూటర్ ముందర కూకుని సముద్రపు దొంగల జపాను బొమ్మలు సూసేవోళ్ళు, "లంగరు లేని ఓడ" అని. మేం పని సేసే ఓడల షెడ్డులో మీ నాన్నది రోజూ అదే గోల. "నా పిల్లలు జపాను ఓడెక్కీసారు బావా, సదువు ములిగిపోనాది" అనీవోడు. ఇప్పుడు దాన్ని నిజం మనుషుల్ని పెట్టి సిరీస్ తీసారట, తెలుగు మాటలు కూడా పెట్టారట. మా నరేష్ కూతురు పుష్పకి అదే పిచ్చి. పన్నెండేళ్ళొచ్చాయి దానికి. ఎనిమిది ఎపిసోడులూ ఒకేసారి వచ్చీసాయి గాని, వాళ్ళమ్మ పద్మావతి ఆదివారం మజ్జానం ఒక్కటంటే ఒక్కటే సూడనిత్తాది. ఈ ఆదివారం మొదలు.

నాను పక్కన కూకుంటానన్నాను. ఎందుకు తాతా, నీకేటి తెలుత్తాది అన్నట్టు సూసింది. నా సెవుల సంగతి నీకు తెలుసు కదా. ముప్పయ్యేళ్ళు ఓడ టాంకుల్లో దిగి సుత్తితో తుప్పు రాల్చినోడికి సెవులు మిగుల్తాయేటి. రెండేళ్ళయి బొత్తిగా నేవు. మిషన్ కొని పెట్టారు. పెట్టుకుంటే తలకాయలో మళ్ళీ సుత్తులు మొదలు. బీరువాలో పడీసాను.

ఎదరున్న మనిషి మూతి సూసి మాట పట్టుకోగల్ను. టాంకుల్లో పని సేసినోళ్ళందరికీ వచ్చే విద్యే, మీ నాన్నకీ వచ్చు. ఇంట్లో మాత్రం ఎవరికీ తెలీదు, నాను సెప్పనేదు. దాన్నే నమ్ముకుని ఓసారి ఆ సిరీస్ ముక్క సూసాను. ఒలమ్మ, ఆ దొంగల మూతులు ఇంగ్లీషు ఆడతన్నాయి, తెలుగు ఎక్కడి నించి వత్తాదో మరి. కింద పడే అచ్చరాలూ ఇంగ్లీషే. నాకు మిగిలింది నీళ్ళూ, కత్తులూ, టోపీలూ.

అసలు బాధ సిరీస్ గురించి కాదు. పుష్ప ఇదివరకు బడి నించి వత్తే సంచీ దించకుండా నాకు అన్నీ సెప్పీది. ఇప్పుడు రెండు మాటలు సెప్పాలంటే అరవాలి, అరిసి అరిసి అలిసిపోయింది పాపం. ఏటమ్మా నవ్వుతున్నావంటే "ఏం లేదు తాతా" అంటాది. రోజుకి పదిసార్లు అడుగుతాను, పదిసార్లూ ఏం లేదే. నాకు భయమేత్తంది అలేఖ్యా. సెవులు పోతే పోనాయి, ఈ గుంట కూడా పోతే నాకింకేటుంటాది.

నువ్వెలాగూ సూసే ఉంటావు. ఏ ఎపిసోడులో ఏటవుతాదో తెలుగులో రాసి పంపితే, దానితో నాలుగు మాటలు ఆడగల్ను. ఫోన్లో పెట్టకు, నా ఫోన్ ఎప్పుడూ దాని సేతిలోనే. మోహన్ టీ కొట్టు, బస్టాపు ఎదర, అని అడ్రసు రాయి. ఆడు నాకిచ్చీత్తాడు.

నీ మావయ్య
తవిటయ్య

*

భీమునిపట్నం,
జూన్ 23

మావయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నిజంగానే నవ్వానండీ, క్షమించాలి. టీ కొట్టు అడ్రసు చూసి మా ఆయన సాయిశంకర్ "ఎవరికి, ఏ రహస్యం?" అని ఆటపట్టిస్తున్నారు. ఎర్ర పెన్ను తియ్యలేదు లెండి. మీ ఉత్తరంలో నాన్న గొంతు వినిపించింది, దిద్దితే అది పోతుంది.

ఇక కథ. మా కెప్టెన్ పదిహేడేళ్ళ ఆడపిల్ల. తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న ఓడ ఆమెను రేవులో దింపేసి వెళ్ళిపోయింది. ఎందుకు వదిలేశారో తెలియదు. అది తేల్చుకోవడానికే బయల్దేరుతుంది. మొదటి ఎపిసోడులో పాత ఓడ ఒకటి దొంగిలించి, ఎక్కగానే లంగరు తాడు గొడ్డలితో నరికేస్తుంది. "లంగరుంటే ఆగాలనిపిస్తుంది" అంటుంది. ఆ మాట నేనూ అన్నయ్యా ఇంటి గోడ మీద బొగ్గుతో రాసి నాన్న చేత తన్నులు తిన్నాం.

రెండో దాంట్లో దారి చూపేవాడు చేరతాడు. ఎర్ర కోటు, సన్నగా ఉంటాడు. నక్షత్రాలన్నీ పుస్తకాల్లో చదివాడు, సముద్రం మీదికి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. ఆ సంగతి దాచి పెద్ద అనుభవం ఉన్నట్టు కోతలు కోస్తాడు. మూడో దాంట్లో పొగమంచులో దారి తప్పి, ఏడుస్తూ నిజం చెప్పేస్తాడు. కెప్టెన్ కొట్టదు, తిట్టదు. "నాకు ముందే తెలుసు, నీ చెప్పులకి ఉప్పు అంటలేదు" అంటుంది.

పుష్పతో ఈ చెప్పుల సంగతి అనండి. ఈ కథని ప్రేమించేవాళ్ళు అక్కడ ఆగకుండా ఉండలేరు.

మీ
అలేఖ్య

*

మల్కాపురం,
జులై 7

అలేఖ్యా, నా తల్లే,

ఎత్తు పారింది! నువ్వు సెప్పినట్టే పారింది. నిన్న మూడో ఎపిసోడు పెట్టగానే, "ఆడి సెప్పులు సూడు, ఉప్పు అంటనేదు" అన్నాను. పుష్ప గిర్రున తిరిగింది. పది నిమిషాలకి ఆ పిల్ల కెప్టెన్ ఆడి సెప్పులకేసి సూసి ఏదో అన్నాది. అంతే, మా గుంట సోఫా మీంచి ఎగిరి నా భుజం మీద పడింది. "తాతా నీకెలగ తెల్సు?" అని. ముసలోణ్ణి, సముద్రం పక్కన పుట్టినోణ్ణి, తెలీదేటి అన్నాను. దేవుడు నన్ను క్షమించాలి.

ఇంకో సంగతి. ఆ ఓడ అడుగు సూపించారు కదా, ఇసకలో ఒరిగినప్పుడు. ఒక్క గుల్ల నేదు, పాసి నేదు, నిన్ననే రంగేసినట్టుంది. ఏడాది నీళ్ళలో ఉన్న ఓడకి అడుగున బెత్తెడు గుల్లలుంటాయి, గీకితే బుట్టలకి బుట్టలు రాలతాయి. నాను అదే అంటే పుష్ప రాత పుస్తకంలో రాసుకున్నాది, మా తాత ఇలగ అన్నాడని ఫ్రెండ్సుకి సెప్తాదట! మీ అత్త కాశమ్మ వంటింట్లోంచి వచ్చి సూసింది, ఈ తాతామనవలకి ఏటయింది అని.

వచ్చే ఆదివారం దాని ఫ్రెండ్సు ఇద్దరు మా ఇంటికి వత్తారట. మా తాతకి అన్నీ ముందే తెలిసిపోతాయి అని సెప్పీసిందట. నాలుగో దాంట్లో వంటోడు వత్తాడంట కదా. ఆడి సంగతి బాగా వివరంగా రాయి. పరువు నీ సేతిలో ఉంది.

నీ మావయ్య

*

భీమునిపట్నం,
జులై 9

మావయ్యగారూ,

వంటవాడి గురించి అడిగారు. ఆలస్యం కాకుండా వెంటనే రాస్తున్నాను.

అతనిది పెద్ద ఆకారం, బట్టతల. అందరికీ వండి వడ్డిస్తాడు, ఎవరి ముందూ ఒక్క ముద్ద తినడు. అందరూ లేచాక గిన్నె అడుగున మిగిలింది చీకట్లో తింటాడు. మిగలకపోతే పస్తు. కెప్టెన్ ఒకరోజు కత్తి పీక మీద పెట్టి మరీ అడుగుతుంది, ఎందుకు తినవని. అప్పుడు చెబుతాడు. ఇంతకు ముందు పనిచేసిన ఓడ తుపానులో చిక్కి పంతొమ్మిది రోజులు తిరిగింది. రోజుకి మనిషికి ఒక గరిటె గంజి. రుచి చూసే వంకతో తను రెండు గరిటెలు ఎక్కువ తాగేవాడు. చివరి రోజు వరసలో ఆఖరున ఒక ముసలి నావికుడు వచ్చి గిన్నె పట్టాడు. కుండలో ఏమీ లేదు. "పర్వాలేదు బాబూ, రేపు పెడుదువు" అని ముసలాయన వెళ్ళి పడుకున్నాడు, మళ్ళీ లేవలేదు. ఆ మర్నాడే నేల కనబడింది.

ఈ ఎపిసోడు చూసిన రోజు నేనూ అన్నయ్యా అన్నం తినలేదు. అమ్మ దిష్టి తీసింది.

టీవీలో అక్కడక్కడా కాస్త తేడాగా ఉండొచ్చు. ఉంటాను. స్కూల్లో పరీక్షల హడావుడి.

అలేఖ్య

*

మల్కాపురం,
జులై 14

అలేఖ్యకి,

నీకు నానేటి అపకారం సేసానమ్మా?

నిన్న ముగ్గురు గుంటల్నీ కూకోబెట్టి, టీవీ పెట్టకుండానే మొత్తం సెప్పాను. పంతొమ్మిది రోజులూ, గంజీ, ముసలోడు గిన్నె పట్టడం. సేతుల్తో పట్టి కూడా సూపించాను. "సూడండి, ఆడు ఎవరి ముందరా తినడు, ఎందుకో ఇయాల సెప్తాడు, ఏడుపు ఆగదు" అన్నాను. పిల్లలు నోరెళ్ళబెట్టి విన్నారు. కాశమ్మ కూడా పనాపి నిలబడింది.

టీవీ పెట్టారు. వంటోడు వచ్చాడు. రావడం రావడం బల్ల మీద కూకుని, అందరి మజ్జినా, కోడికాలు పీకుతన్నాడు! నాకు సెవుల్లేవు గాని కోడికాలు కనపడదేటి. ఒకటి కాదు, రెండు తిన్నాడు. మూతి తుడుసుకుని నవ్వుతున్నాడు కూడాను.

ఫ్రెండ్సు ఇద్దరూ పడీ పడీ నవ్వారు. పుష్ప నవ్వనేదు. నవ్వినా బాగుణ్ణు. దాని మొకం ఎర్రగా అయిపోనాది. నాకు వినపడదు కదా అని, నా ఎదరే వాళ్ళకేసి తిరిగి ఓ మాట అన్నాది. "మా తాత వట్టి ఊహలు ఊహించుకుంటాడే, పట్టించుకోకండి. ఆయనకి ఏం చెప్పినా వేస్టు." మూతి నాకు పూర్తిగా కనపడతంది. ఒక్క అచ్చరం కూడా తప్పిపోనేదు.

ముప్పయ్యేళ్ళు ఈ విద్య అన్నం పెట్టింది. నిన్న మొదటిసారి, ఇది రాకపోతే బాగుణ్ణనిపించింది.

తేడా ఉండొచ్చు అని రాసావు. ఇది తేడా ఏటి? నువ్వు సూడకుండా రాసావా? నాతో ఎందుకిలగ ఆడుకున్నావు?

తవిటయ్య

*

భీమునిపట్నం,
జులై 20

మావయ్యా,

నాలుగుసార్లు రాసి చింపేశాను. ఇది ఐదోది.

అవును, చూడకుండానే రాశాను. ఆ సిరీస్ నేను ఒక్క నిమిషం కూడా చూడలేదు. మీకు రాసిందంతా నా చిన్నప్పటి బొమ్మల కథ. మొదటి మూడూ అలాగే తీసి ఉంటారని ధైర్యం చేశాను. వంటవాడి దగ్గర అనుమానం వచ్చింది, అయినా ఒప్పుకోవడానికి సిగ్గేసి ఆ ఒక్క వాక్యం రాసి తప్పించుకున్నాను. తప్పు నాది. పుష్ప ముందు మీ తల వంగింది నా వల్ల.

ఎందుకు చూడలేదో మీకు చెప్పాలి. నాన్న పోయిన రోజు మీరు అక్కడే ఉన్నారు. అన్నయ్య తను పనిచేసే ఓడ మీద ఎక్కడో బ్రెజిల్ దాటాక ఉన్నాడు. దిగి రావడానికి పదకొండు రోజులు పడుతుందన్నాడు. ఫోన్ స్పీకర్లో, అందరి ముందూ, "నువ్వు ఆ ఓడతోనే ఉండు, మాకు అక్కర్లేదు" అన్నాను. వాడు రేవు కనబడని చోట ఏం చేస్తాడు, నాకు తెలియదా? తెలిసే అన్నాను. ఆ మాట పట్టుకుని వాడు మూడేళ్ళుగా ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. ఈ కథని మనుషుల్ని పెట్టి తీస్తే ఇద్దరం పక్కపక్కన కూర్చునే చూద్దామని చిన్నప్పుడు ఒట్టు పెట్టుకున్నాం. ఒంటరిగా ఆ బటన్ నొక్కితే వాడు ఇక రాడని ఒప్పుకున్నట్టు అనిపించింది. పిచ్చి అనుకోండి.

మీ ఉత్తరం వచ్చాక నొక్కాను. రెండు రోజుల్లో ఎనిమిదీ చూశాను. వంటవాడి కథ ఎక్కడా లేదు. ఎనిమిది గంటల్లో ఇమడలేదో ఏమో, తీసేశారు. నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. కెప్టెన్ వేసిన అమ్మాయి వానలో వణుకుతుంటే ఇంకా కోపం. మా కెప్టెన్ వణకదు! బొమ్మల్లో సముద్రం ఎవర్నీ తడపదు కదా. ఈ పిల్ల ముక్కు ఎర్రబడింది, జుట్టు నోట్లోకి వెళ్ళింది. మూడో ఎపిసోడుకొచ్చేసరికి ఎందుకో ఆ వణుకు మీద జాలి పుట్టింది. మేం ప్రాణంగా చూసుకున్నవాళ్ళకి ఇప్పుడు నిజమైన ఒళ్ళుంది, ఒళ్ళున్నాక జలుబూ చేస్తుంది మరి. బొమ్మకి ఎప్పటికీ పదిహేడే. మనుషులతో అలా కుదరదు. అన్నయ్యని కూడా నేను పన్నెండేళ్ళ వాడిలాగే ఉంచేసుకుని, పెద్దవాడయి ఓడెక్కినందుకు శిక్ష వేశానేమో అనిపించింది.

మిగిలిన నాలుగు ఎపిసోడుల కథా విడి కాగితాల మీద రాసి ఇందులో పెట్టాను. ఈసారి చూసి రాసిందే, అక్షరం అబద్ధం లేదు. ఇవి వాడతారో చింపేస్తారో మీ ఇష్టం. కావాలంటే నేనే వచ్చి పుష్పకి చెబుతాను, తప్పు మీ తాతది కాదు, ఈ అత్తది అని.

క్షమించమని అడిగే మొహం లేదు. అయినా అడుగుతున్నాను.

అలేఖ్య

*

మల్కాపురం,
ఆగస్టు 12

అమ్మా అలేఖ్యా,

జవాబుకి ఇరవై రోజులు పట్టింది. కోపం వల్ల కాదు. ఆ కోపం నీ ఉత్తరం సదివిన పూటే పోనాది. మోహన్ కొట్టు బల్ల మీద కూకుని మూడుసార్లు సదివాను. టీ సల్లారిపోతే ఆడు ఇంకోటి తెచ్చి పెట్టాడు, డబ్బులు తీసుకోనేదు. నా మొకం అలగ ఉన్నాది కాబోలు.

నువ్వు నిజం రాసీసావు. నాను మాత్రం ఇంకా దొంగాటలోనే ఉన్నాను. రెండేళ్ళుగా ఇంట్లో అందరి మూతులూ సదువుతూ ఏటీ తెలీనట్టు కూకుంటన్నాను. పద్మావతి వీడియో కాల్లో వాళ్ళమ్మతో నా గురించి అనుకున్నవీ, నరేష్ ఇసుక్కున్నవీ, కాశమ్మ తిట్టినవీ అన్నీ నా దగ్గరున్నాయి. సెప్తే నా ఎదర మూతులు దాసుకుంటారని భయం. అంటే వాళ్ళు వినపడదనుకుని మాటాడితే నాను దొంగతనంగా వింటన్నట్టే కదా. సముద్రపు దొంగలు టీవీలో వాళ్ళు కాదు, నాను.

నీ విడి కాగితాలు సదవకుండా మడిసి పెట్టీసాను. పుష్పని మేడ మీదకి పిలిసి నీ ఉత్తరాలన్నీ దాని సేతిలో పెట్టాను. సదువుకున్నాది. ఆకర్న నాను సెప్పాను. "అమ్మా, మూతి సూత్తే నాకు మాట తెలుత్తాది. ఆ ఆదివారం నువ్వన్నదీ తెలిసినాది" అని.  ఉత్తరాలు నేల మీద పడీసి దిగిపోనాది.

నాలుగు రోజులు నాకేసి సూడనేదు. ఇంట్లో అందరికీ సెప్పీసింది. పద్మావతి నా కంచం పెట్టేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాది. నరేష్ గోడకేసి తిరిగి మాటాడతన్నాడు. పుష్పయితే నా గదిలోంచి వెళ్ళాలంటే సెయ్యి మూతి మీద పెట్టుకుని పరిగెత్తీది. అయిపోనాది, సేతులారా పోగొట్టుకున్నాను అనుకున్నాను. కాశమ్మ సేపల పులుసు పెడితే కంచం పక్కకి నెట్టీసాను. "మంచి పని సేసావు, ఇన్నాళ్ళకి ఓ మగాడి పని" అని అదొక్కత్తే నా ఎదర నిలబడి, మూతి పెద్దది సేసి మరీ తిట్టింది.

ఐదో రోజు ఆదివారం. పుష్ప వచ్చింది. సెయ్యి పట్టి లాక్కెళ్ళి సోఫాలో కూకోబెట్టింది. ఆ గొడవ నించీ సూడకుండా ఆపీసిన ఐదో ఎపిసోడు పెట్టి, రిమోట్ నాకు సూపించి సౌండు తీసీసింది. ఇద్దరం గంట సేపు అలగే సూసాం. అయ్యాక "ఇప్పుడు చెప్పు, ఏం తెలిసింది?" అని అడిగింది. దారి సూపీ ఆ కోటోడు పారిపోతాడమ్మా అన్నాను. అందరూ ఒకళ్ళ మొకాలొకళ్ళు సూసుకుంటన్నారు, ఆడు మాత్రం సిన్న పడవ కట్టిన తాడుకేసి నాలుగుసార్లు సూసాడు. షెడ్డులో పని మానీసే వోణ్ణి మేం అలగే పట్టీవోళ్ళం, పది రోజుల ముందరే గేటుకేసి సూత్తాడు. పుష్ప నమ్మనేదు. పద్మావతిని బతిమాలి ఆరోది కూడా పెట్టింది. పావుగంటకి ఆ కోటోడు పడవ ఇప్పుకుని పోయాడు. అది నాకేసి తిరిగింది. "సౌండుతో చూసిన మా ఫ్రెండ్సు కూడా ఇది కనిపెట్టలేదు తాతా" అన్నాది. ఎంత మెల్లగా అన్నాదో, ఎంత తిన్నగా నా మొకంలోకి సూసి అన్నాదో నీకు రాయనేను. తరవాత పెదాలు మాత్రం ఆడించి, సప్పుడు నేకుండా, "సారీ" అన్నాది. ఏడిసీసాను. సిగ్గేటి, మనవరాలి ముందర ఏడిసాను.

ఇప్పుడు అరవదు. అరిస్తే మూతి వంకర పోతాది, నాకు తెలీదు అని సెప్పాను. నేర్సుకున్నాది. పద్మావతి కొంగు ఇంకా అడ్డమే ఉంది. టైము పడతాది, నాది కూడా తప్పే కదా. నరేష్ మొన్న జీతం సంగతి నాకేసి తిరిగే సెప్పాడు.

నీ అన్న సంగతి నాను సెప్పను. నీకు అన్నీ తెలుసు. ఒక్కటి మాత్రం సెప్తాను, ఆ రోజు స్పీకరులో నువ్వా మాట అన్నాక నాను ఫోనుకేసే సూసాను. దానికి మూతి నేదు. ఆడు ఎలగున్నాడో మనకెవరికీ తెలీలేదు.

ఇంక కథలు రాయక్కర్నేదు. నీ కబుర్లు రాయి, ఇంటి అడ్రసుకే రాయి. నిన్న పుష్ప బడి నించి వచ్చీసి, సంచీ కింద పడీసి, పీట లాక్కుని నా ఎదర మోకాళ్ళు తగిలేలా కూకున్నాది. గంటసేపు ఒకటే సెప్పడం. ఒక్కసారి కూడా "ఏం లేదు" అననేదు. ఏటి సెప్పిందని అడక్కు, నీకు కూడా సెప్పను. అది నాకు సెప్పుకున్నాది.

నీ మావయ్య
తవిటయ్య